హద్దును ఎవరు గీశారు? ఎందుకు గీశారు?

‘హద్దు’ అనే మాట ఉర్దూ ద్వారా మన తెలుగులోనికి వచ్చినది. ‘అసలు’, ‘నకలు’ అనే మాటలు కూడా ఆ దారినే వచ్చి మన ఇండ్లలో, పొలాలలో, కచ్చేరీలలో స్థిరపడినవి. రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు కింద చదువుకొనే కళాశాల పత్రికలో ఒక సాంకేతిక విషయాన్ని చర్చించబూనినప్పుడు ఈ మూడు మాటలే మాకు చక్కని పనిముట్లుగా తోచినవి. ఏలయన మేము చర్చింపదలచిన విషయం ఇది: కంప్యూటరు లోపల నిర్మించిన ఒక నకలు యంత్రానికి ఎన్ని పరికరాలను జోడింపవచ్చును? ఆ సంఖ్యకు హద్దు ఎవరు గీశారు? ఆ హద్దును పెంచవలెనా, కూడదా?

మా అభిప్రాయాన్ని దాచకుండా మొదటనే మనవి చేస్తున్నాము. ఈ హద్దులను పెంచవలసినదే. అయితే పెంచేవారు అందుకయ్యే ఖర్చు లెక్క చూపి పెంచవలెను. పెంచరాదనేవారు కారణం చూపి ఆపవలెను. కారణం మరుగున పడి అలవాటు మాత్రమే మిగిలిన హద్దు ఎవరికీ మేలు చేయదు.

వర్చువల్ మెషీన్ అనగా ఒక నిజమైన కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్ చేత ఏర్పరచిన మరొక కంప్యూటరు. దానికి తన ప్రాసెసరు, తన మెమరీ, తన డిస్కు ఉన్నట్లే తోచును. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు తాను నకలు యంత్రంలో ఉన్నానన్న స్పృహ ఉండనక్కరలేదు. ఈ భావన నిన్న మొన్న పుట్టినది కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 అనే వ్యవస్థను ప్రకటించి, ఒకే పెద్ద యంత్రాన్ని అనేకమందికి ఎవరి యంత్రం వారిదే అన్నట్లు పంచి ఇచ్చినది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక యంత్రం ఇట్లు నకలు చేయుటకు తగినదా కాదా అని తేల్చే నియమాలను సూత్రీకరించారు. 1999లో వి.ఎం.వేర్ సంస్థ సాధారణ పర్సనల్ కంప్యూటర్లపై ఈ సౌకర్యాన్ని అందించినది. 2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు తమ ప్రాసెసర్లలోనే అందుకు కావలసిన తోడ్పాటును చేర్చినవి. 2007లో లినక్స్ కెర్నెల్ 2.6.20 కూర్పుతో కె.వి.ఎం. అనే భాగం వచ్చి, డబ్బు చెల్లించకుండా ఎవరైనా వాడుకొనగల వ్యవస్థ ఏర్పడినది. నేడు ప్రపంచంలోని క్లౌడ్ సేవలు అధికభాగం ఇట్టి యంత్రాలపైననే నిలిచి ఉన్నవి.

ఇట్టి యంత్రానికి పరికరాలను జోడించుటకు మూడు మార్గాలు కలవు. మొదటిది అనుకరణ. పాతకాలపు డిస్కు కంట్రోలరు, నెట్‌వర్క్ కార్డు వంటివాటి ప్రవర్తనను సాఫ్ట్‌వేరే అచ్చంగా అభినయిస్తుంది. రెండవది నకలు యంత్రానికీ అసలు యంత్రానికీ మధ్య ముందే ఒక ఒప్పందం చేసుకొని, అభినయం లేకుండా సూటిగా సరుకు మార్చుకొనుట; లినక్స్ లోకంలో దీనికి విర్టియో అని పేరు. మూడవది అసలు పరికరాన్నే నకలు యంత్రం చేతికి నేరుగా అప్పగించుట. గ్రాఫిక్స్ కార్డులు, వేగవంతమైన నెట్‌వర్క్ కార్డులు, ఎన్.వి.ఎం.ఇ. డిస్కులు ఈ మూడవ పద్ధతిలో ఇచ్చినప్పుడే తమ పూర్తి శక్తిని చూపగలవు. మన చర్చకు మిక్కిలి ముఖ్యమైనది ఈ మూడవ మార్గమే.

హద్దులు ఎక్కడినుండి వచ్చినవో విచారిద్దాము. మా పరిశీలనలో అవి మూడు రకాలు.

మొదటి రకం వారసత్వపు హద్దులు. పాత ఐ.డి.ఇ. పద్ధతిలో రెండు మార్గాలు, ఒక్కొక్క మార్గంలో రెండు పరికరాలు, వెరసి నాలుగు. అసలు యంత్రాలలో అది తీగలకు, సంకేతాలకు సంబంధించిన నిజమైన పరిమితి. నకలు యంత్రంలో తీగ లేదు. అయినను ఆ కంట్రోలరును అనుకరించినంతకాలం నాలుగే. వెడల్పు స్కజీ పద్ధతిలో 16 గుర్తింపు సంఖ్యలు. ఒకటి కంట్రోలరుకే పోగా 15 డిస్కులు. అందుచేతనే వి.ఎం.వేర్ యంత్రాలలో నాలుగు కంట్రోలర్లకు కలిపి 60 డిస్కులు అనే లెక్క చాలాకాలం నిలిచినది. 2018లో వచ్చిన వీస్ఫియర్ 6.7 కూర్పులో, నకలు యంత్రాల కోసమే రూపొందించిన కంట్రోలరుకు 64 డిస్కుల చొప్పున అనుమతించి, మొత్తాన్ని 256కు పెంచారు. తీగ లేనిచోట తీగకు గల పరిమితి ఎందుకన్న ప్రశ్నకు అది సమాధానం. తాత ధరించిన చెప్పు కొలతకు మనుమని పాదాన్ని కుదించనక్కరలేదు గదా.

రెండవ రకం పట్టికల హద్దులు. ఇవి ప్రోగ్రాము వ్రాసినవారు ‘ఇన్ని గడులు చాలును’ అని నిర్ణయించిన సంఖ్యలు. మూడవ రకం విధానపు హద్దులు. ఇవి సేవను అమ్మేవారు గానీ, నిర్వహణ సాధనాన్ని తయారు చేసేవారు గానీ తమ సౌలభ్యం కొరకు విధించినవి. ఈ రెండు రకాలలోనే అసలు వివాదమంతా ఉన్నది.

పట్టికల హద్దుకు ఒక చక్కని ఉదాహరణను వివరింపవలెను. కె.వి.ఎం. వ్యవస్థలో నకలు యంత్రపు మెమరీ చిరునామాలలో ఏ భాగం అసలు మెమరీలో ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక ఒకటి ఉంటుంది. మన గ్రామాలలోని పహాణీ వంటిది అది. ఏ సర్వే నంబరు భూమి ఎవరి స్వాధీనంలో ఉన్నదో వరుసగా వ్రాసి ఉంచే పుస్తకం. ఈ పట్టికలోని ఒక్కొక్క పంక్తిని మెమరీ స్లాట్ అంటారు. ఒకప్పుడు వాడుకరికి లభించినవి 32 స్లాట్లు మాత్రమే. ప్రశ్న ఏమనగా, పరికరాలకూ ఈ పట్టికకూ సంబంధమేమి?

సంబంధం ఉన్నది. ఒక పి.సి.ఐ. పరికరాన్ని నేరుగా అప్పగించినప్పుడు, ఆ పరికరానికి చెందిన చిరునామా భాగాలన్నీ ఈ పహాణీలోనికి ఎక్కవలెను. అట్టి భాగాలు ఒక్కొక్క పరికరానికి ఆరు వరకు ఉండవచ్చును. శాశ్వత మెమరీకి ఒకటి. అంతరాయ సంకేతాల పట్టిక ఒక భాగాన్ని రెండుగా చీల్చినచో మరొకటి. వెరసి అతి కష్టమైన సందర్భంలో ఎనిమిది పంక్తులు. సాధారణంగా మూడు, నాలుగు సరిపోవును. 2012 సంవత్సరాంతంలో అలెక్స్ విలియమ్‌సన్ అనే లినక్స్ నిపుణుడు ఈ పట్టికను 125 స్లాట్లకు పెంచవలెనని ప్రతిపాదించి, కారణాన్ని అంకెలలో చూపించాడు. వ్యవస్థ తన సొంతానికి ఉంచుకొనే మూడు స్లాట్లతో కలిపి మొత్తం 128. ఇతర అవసరాలకు సుమారు డజను పోగా మిగిలినవాటిలో, ఎనిమిదేసి స్లాట్లు కోరే పరికరాలైనచో 14, నాలుగేసి కోరేవైనచో 28, మూడేసి కోరేవైనచో 37 పరికరాలు జోడింపవచ్చును. ఆ లెక్కనే పాత 32 స్లాట్లకు వర్తింపజేసి చూడండి. డజను పోగా మిగిలేవి 20; కష్టమైన పరికరాలు రెండే పట్టును, సాధారణమైనవి ఐదారు.

ఈ ఉదాహరణలో మమ్ములను ఆకర్షించినది 125 అనే సంఖ్య కాదు, దానిని కోరిన పద్ధతి. ‘మాకు ఇంకా కావలెను’ అని మాత్రమే అడగలేదు. ఎందుకు, ఎంత, అందువలన ఎందరికి సరిపోవును అని లెక్క చెప్పి అడిగారు. అందరికీ కనబడే చోట ఆ లెక్క వ్రాసి ఉంచారు. పదేళ్ళు గడిచిన తరువాత కూడా ఎక్కడో ఉన్న ఒక విద్యార్థి దానిని చదివి, గుణకార భాగహారాలతో సరిచూసుకొనగలడు. హద్దు పెంచుట ఎట్లో నేర్పే పాఠం ఇంతకంటె సులభంగా దొరకదు.

కథ అక్కడితో ముగియలేదు. 2014లో ఆ పట్టికను 509కి పెంచారు. నడుస్తున్న యంత్రానికి మెమరీని కొత్తగా చేర్చే సదుపాయానికి 256 స్లాట్ల వరకు విడిచినను, పరికరాలు మొదలైనవాటికి 253 మిగలవలెనన్నది ఉద్దేశం. అప్పుడు మరొక చిక్కు ఎదురైనది. పట్టిక చిన్నదైనప్పుడు మొదటి పంక్తి నుండి వరుసగా వెదుకుట కష్టం కాదు. పంక్తులు వందలైనప్పుడు ఆ వెదుకులాటయే భారం అవుతుంది. కాబట్టి పట్టికను సగం సగంగా విభజిస్తూ వెదికే పద్ధతికి మారవలసి వచ్చినది. నిఘంటువులో మాట వెదికేవారు మొదటి పుట నుండి తిప్పరు గదా. మధ్యకు తెరచి ముందుకో వెనుకకో పోతారు. అదే పద్ధతి.

ఇంతటితో కూడా సరిపోలేదు. నెట్‌వర్క్ పనిని వేగంగా నడిపే వీహోస్ట్ అనే ఇరుగుపొరుగు భాగానికి తనదైన మరొక పట్టిక ఉన్నది. దాని హద్దు 64. పెద్ద పట్టిక 509 అయినను చిన్న పట్టిక 64 దగ్గరనే ఆగినది. వంతెనను వెడల్పు చేసి, అవతలి దారిని ఇరుకుగానే విడిచినట్లైనది. 2015లో ఆ సంఖ్యను నిర్వాహకుడు మార్చుకొనగల వీలు కల్పించారు. 2020లో పట్టిక పరిమాణం వాడిన స్లాట్లను బట్టియే పెరిగేటట్లు చేశారు. 2021 నాటికి ఇంటెల్, ఎ.ఎం.డి. తరహా యంత్రాలపై వాడుకరి స్లాట్ల హద్దు 32,764కు చేరినది. 2022లో పట్టికను వరుస రూపం నుండి చెట్టు ఆకారపు నిర్మాణంలోనికి మార్చారు. ఒకప్పుడు ముప్పదిరెండుగా ఉన్న హద్దు ముప్పదిరెండు వేలు దాటినది. అయినను ఒక్క నకలు యంత్రం మాత్రమే నడుపుకొనే చిన్న వాడుకరిపై దాని భారం పడలేదు. మా దృష్టిలో ఇది గొప్ప విషయం. ఎక్కువ కోరినవారు ఖర్చు భరిస్తారు. కోరనివారి జేబు నుండి పైసా పోదు.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదాన్ని న్యాయంగా వినవలెను. ‘మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవలెను’ అని మన పెద్దలు అంటారు. దుప్పటిని చూసి కాళ్ళు చాపుమని ఉర్దూ సామెత కూడా అదే చెబుతుంది. వారి మొదటి అభ్యంతరం ఏమనగా, పరికరాల సంఖ్య ఒక్కటి పెంచినంతమాత్రాన మిగిలిన వనరులు పెరగవు. ఇది నిజం. రెండు ఉదాహరణలు చాలును. పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో పరికరాన్ని తగిలించే ఒక్కొక్క ద్వారానికి పాతకాలపు ఇన్‌పుట్–అవుట్‌పుట్ చిరునామాలలో 4 కిలోబైట్ల ముక్క కావలెను. అట్టి చిరునామాల మొత్తం స్థలం 64 కిలోబైట్లే. భాగించినచో 16, ఇతర అవసరాలు పోగా సుమారు 10 ద్వారాలకే సరిపోవును. ఆ పాత చిరునామాలు అక్కరలేని కొత్త పరికరాలనే తగిలించి ఈ ముక్కను మానుకొన్నప్పుడే అంతకు మించి పోగలము.

రెండవ ఉదాహరణ నేటి కృత్రిమ మేధకు సంబంధించినది. ఎన్‌విడియా సంస్థ వారి హెచ్100 రకపు 80 గిగాబైట్ల కార్డు తన మెమరీని యంత్రానికి చూపుటకు 128 గిగాబైట్ల చిరునామా స్థలాన్ని కోరుతుంది. ఎనిమిది కార్డులను ఒకే నకలు యంత్రానికి ఇచ్చినచో 1,024 గిగాబైట్ల స్థలం కావలెను. నకలు యంత్రాన్ని ప్రారంభించే ఓ.వి.ఎం.ఎఫ్. అనే సాఫ్ట్‌వేరు చాలాకాలం ఇందుకు తనంతట తాను కేటాయించినది 32 గిగాబైట్లు మాత్రమే. పరికరాల లెక్కలో ఎనిమిదికి అనుమతి ఉన్నను, చోటు లెక్కలో ఒక్కటి కూడా పట్టదు. నిర్వాహకుడు ఆ చోటును ప్రత్యేకంగా పెంచుకొనవలసి వచ్చేది. తరువాతి కూర్పులలో ప్రాసెసరు సామర్థ్యాన్ని బట్టి అది విస్తరించే ఏర్పాటు చేశారు. కావున ఒక సంఖ్యను మార్చి చేతులు దులుపుకొన్నవారు హద్దును పెంచినవారు కారు. దానిని ఒక గది నుండి మరొక గదికి జరిపినవారు మాత్రమే.

రెండవ అభ్యంతరం భద్రతకు చెందినది. జోడించిన ప్రతి పరికరం ఒక తలుపు వంటిది. 2015లో ‘వెనమ్’ అనే పేరుతో బయటపడిన లోపం ఇందుకు సాక్ష్యం. నేడు ఎవరూ వాడని ఫ్లాపీ డిస్కు కంట్రోలరును అనుకరించే ప్రోగ్రాములోని దోషం ద్వారా, నకలు యంత్రంలోనివారు అసలు యంత్రంలోనికి చొరబడుటకు అవకాశం ఏర్పడినది. ఇక అసలు పరికరాన్ని నేరుగా అప్పగించినప్పుడు అది ప్రాసెసరును అడగకుండానే మెమరీని చదవగలదు, వ్రాయగలదు. దానిని అదుపులో ఉంచేది ఐ.ఓ.ఎం.ఎం.యు. అనే కావలి. ఆ కావలి కొన్ని పరికరాలను విడదీయలేక ఒకే గుంపుగా చూస్తుంది. గుంపులో ఒకదానిని ఒక యంత్రానికి, మరొకదానిని వేరొక యంత్రానికి ఇవ్వరాదు.

మూడవ అభ్యంతరం నిర్వహణకు చెందినది. పరికరాన్ని నేరుగా అప్పగించిన యంత్రపు మెమరీ అంతా స్థానం కదలకుండా బిగింపబడుతుంది. దానిని ఇతరులకు ఎరువు ఇచ్చుటకు వీలు లేదు. అట్టి యంత్రాన్ని నడుస్తుండగానే ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు తరలించుట సాధారణంగా కష్టం.

ఈ మూడు అభ్యంతరాలనూ మేము తేలికగా తీసుకొనుట లేదు. కానీ వీటిలో ఏదియు ‘పాత సంఖ్యనే ఉంచవలెను’ అనే తీర్పుకు దారి తీయదని మా మనవి. చోటు చాలదన్నచో చోటును కొలిచి చెప్పవలెను. భద్రత ముఖ్యమన్నచో అక్కరలేని ఫ్లాపీని తొలగించవలెను గాని, అక్కరకు వచ్చే పదిహేడవ డిస్కును నిషేధించుట వలన ప్రయోజనం లేదు. వెనమ్ లోపం జోడింపులు ఎక్కువైనందున వచ్చినది కాదు; ఎవరూ కోరని జోడింపు ఒకటి ఎవరి కంటా పడకుండా మిగిలినందున వచ్చినది. మంచం పొడవు పెరిగిన తరువాత కూడా మోకాళ్ళు ముడుచుకొని పడుకొమ్మని ఏ సామెతయు చెప్పలేదు.

ఇక మూడవ రకమైన విధానపు హద్దులను గురించి. ఆస్ట్రియా దేశపు వియన్నా నగరానికి చెందిన ప్రాక్స్‌మాక్స్ అనే నిర్వహణ సాధనం చిన్న సంస్థలలో, ప్రయోగశాలలలో విరివిగా వాడుకలో ఉన్నది. అందులో ఒక యంత్రానికి నేరుగా అప్పగింపదగిన పి.సి.ఐ. పరికరాల సంఖ్య మొదట నాలుగు; 2019లో 16 అయినది. యు.ఎస్.బి. పరికరాలు మొదట ఐదు. 2022లో, కొత్త రకపు యంత్రాలకు, కొత్త ఆపరేటింగ్ సిస్టములకు 14 అయినవి. చూడ చిన్న మార్పులే. కానీ ఒక ప్రయోగశాలలో పన్నెండుమంది విద్యార్థులు తమ తమ మైక్రోకంట్రోలర్ బోర్డులను ఒకే యంత్రానికి తగిలించి పాఠం నేర్చుకొనవలెనన్నచో, ఐదుకూ పద్నాలుగుకూ మధ్య గల తేడా ఏడుగురు విద్యార్థుల తేడా. అట్టి ప్రయోగశాలకు రెండవ యంత్రం కొనే స్తోమత లేనప్పుడు ఆ ఏడుగురు గోడ పక్కన నిలబడి చూడవలసినదే. సంఖ్యలు నిర్ణయించేవారికి ఆ గోడ కనబడదు. అందుకే ఆ సంగతి ఎవరో ఒకరు వ్రాయవలెను.

క్లౌడ్ సేవలలో ఈ హద్దు నేరుగా డబ్బుతో ముడిపడి ఉన్నది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి నైట్రో వ్యవస్థపై నడిచే అనేక రకాల యంత్రాలలో డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు, లోపలి ఎన్.వి.ఎం.ఇ. డిస్కులు అన్నీ కలిపి 28 జోడింపులే. మూడు నెట్‌వర్క్ కార్డులు, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కు ఒకటి పోగా మిగిలేవి 24. కుబర్నెటీస్ వంటి సాధనంతో ఒకే యంత్రంపై అనేక చిన్న సేవలను, ఒక్కొక్కదానికి ఒక డిస్కు చొప్పున నడిపేవారు ప్రాసెసరు ఖాళీగా ఉన్నను, మెమరీ మిగిలి ఉన్నను, జోడింపుల లెక్క నిండినందుననే మరొక యంత్రాన్ని అద్దెకు తీసుకొనవలసి వస్తుంది. తరువాతి తరం యంత్రాలలో కొన్నింటికి డిస్కుల లెక్కను విడదీసి, పెద్ద యంత్రాలలో 128 వరకు అనుమతించారు. ఇది మంచి మార్పు. ఈ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులోనే తన డేటా కేంద్రాల ప్రాంతాన్ని ప్రారంభించినది. కావున ఈ లెక్కలు మన పట్టభద్రులకు దూరదేశపు ముచ్చట కాదు. రేపు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఎదురుకాగల సంగతి.

విధానపు హద్దు విధించేవారికి ఆ హక్కు లేదని మేము అనము. కొలిచి చూడని సంఖ్యకు పూచీ పడుమని ఎవరినీ బలవంతపెట్టరాదు. ‘ఇంతవరకు మేము పరీక్షించి చూశాము, అంతకు మించి మా పూచీ లేదు’ అని చెప్పినచో అది గౌరవప్రదమైన మాట. కానీ పరీక్షించిన హద్దు వేరు, దాటరాని హద్దు వేరు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలుచుట వలననే వాడుకరులు మోసపోతున్నారు. మొదటిది సలహా, రెండవది గోడ. సలహాను గోడగా కట్టుట అన్యాయం. గోడను సలహాగా చెప్పుట ప్రమాదం. కాబట్టి ప్రతి హద్దు పక్కనే మూడు సంగతులు వ్రాసి ఉండవలెనని మా కోరిక: ఇది దేనివలన వచ్చినది? దాటినచో ఏమగును? దీనిని పెంచుటకు ఎంత ఖర్చగును?

ఈ చర్చ మన కళాశాలకు ఎందుకని ప్రశ్నించేవారు ఉండవచ్చును. మన వంటి కళాశాలలకే ఇది మిక్కిలి అవసరమని మా సమాధానం. ధనిక సంస్థ ఒక యంత్రం నిండినచో మరొక యంత్రం కొనును; దానికి హద్దు గూర్చిన విచారణ అక్కరలేదు. పరిమితమైన నిధులతో నడిచే కళాశాల ఒకే మంచి సర్వరును ముప్పదిమంది విద్యార్థులకు ముప్పది నకలు యంత్రాలుగా పంచి ఇవ్వగలదు. కె.వి.ఎం. వంటి వ్యవస్థలకు లైసెన్సు రుసుము లేదు. అప్పుడు ఆ ఒక్క యంత్రానికి ఎన్ని డిస్కులు, ఎన్ని బోర్డులు, ఎన్ని కార్డులు జోడింపవచ్చునన్నదే ఎందరు విద్యార్థులకు చేతిపని దొరకునో నిర్ణయించును. పేదవాని ఇంటిలో గదుల కొలత తెలిసి ఉండుట ధనవంతుని ఇంటిలో కంటె ముఖ్యం.

కావున కళాశాల పాలక సంఘం వారికి మూడు సవినయ విన్నపాలు చేస్తున్నాము. ఇకముందు కంప్యూటర్లు కొనేటప్పుడు ధర, మెమరీ మాత్రమే గాక, పరికరాలను నేరుగా అప్పగించుటకు కావలసిన ఐ.ఓ.ఎం.ఎం.యు. సదుపాయం ఉన్నదా, అది పరికరాలను ఎట్లు గుంపులుగా విడదీస్తున్నది అని కూడా విచారింపవలసినదిగా కోరుతున్నాము. రెండవది, పరీక్షలకు, కార్యాలయ పనులకు సంబంధం లేని ఒక యంత్రాన్ని విద్యార్థుల ప్రయోగాలకే విడిచిపెట్టవలెను. అది చెడినచో మరల సిద్ధం చేసుకొనుట కూడా పాఠంలో భాగమే. మూడవది, ఆ యంత్రంపై చేసిన కొలతలను ఒక పుస్తకంలో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఉంచే ఏర్పాటు చేయవలెను. మాతృభాషలో వ్రాసిన కారణం తరువాతి తరగతివారికి తొందరగా అందును.

సహ విద్యార్థులకు కూడా ఒక మాట. తెరపై ‘ఇంతకు మించి అనుమతి లేదు’ అనే వాక్యం కనబడినప్పుడు తలవంచి వెనుకకు మరలవద్దు. తల ఎగురవేసి తిట్టను వద్దు. ఆ సంఖ్య ఎక్కడినుండి వచ్చినదో వెదకండి. లినక్స్ వంటి వ్యవస్థల మూలం అందరికీ తెరచి ఉన్నది. మార్పు చేసినవారి కారణాలు కూడా అక్కడనే వ్రాసి ఉన్నవి. పాత తీగ వలన వచ్చినదా, పట్టికలో గడులు చాలక వచ్చినదా, అమ్మేవారి విధానం వలన వచ్చినదా తేల్చండి. పెంచవలెనని తోచినచో 2012 నాటి ప్రతిపాదన వలె లెక్క వేసి అడగండి. వెదుకులాట ఎంత పెరుగును, చోటు ఎంత పట్టును, పక్కనున్న పట్టిక ఏది ఆగిపోవును, అక్కరలేనివాడిపై భారం పడునా పడదా అని ముందే ఆలోచించండి. అంత చేసి అడిగిన కోరికను త్రోసిపుచ్చుట ఎవరికైనా కష్టం.

ముప్పదిరెండు గడుల పట్టికను వ్రాసినవారు అవివేకులు కారు. ఆనాటి అవసరానికి అది చాలినది. దానిని నూట ఇరువది ఐదుకు పెంచినవారు ధిక్కారులు కారు. ఆనాటి అవసరం వారి చేత ఆ పని చేయించినది. కారణాన్ని వ్రాసి ఉంచినందుననే తరువాతివారు ముందుకు పోగలిగారు. హద్దు గీసినవారు కారణం చెప్పవలెను, హద్దు జరిపేవారు లెక్క చెప్పవలెను. మా తరం ఈ రెండవ పనికి సిద్ధపడవలెనని మా ఆకాంక్ష.